నడివయసులో తైక్వాండో – ఒక వైద్యుని పరిశీలన

వ్యాయామం అనగానే మన పాఠకులకు నడక, సూర్యనమస్కారాలు, యోగాసనాలు స్ఫురిస్తాయి. ఈసారి కొరియా దేశపు యుద్ధవిద్యను గురించి వ్రాయవలసి రావడానికి కారణం ఉన్నది. మా అనకాపల్లిలో కొన్నేళ్ళుగా నలభై దాటిన గృహస్థులు, గృహిణులు కొందరు తెల్లవారుజామున తెల్లని దుస్తులు ధరించి, నడుముకు పట్టీ చుట్టుకొని, పాఠశాల ఆవరణలో చిన్నపిల్లల వరుసలో నిలబడి తైక్వాండో అభ్యసిస్తున్నారు. వారిలో పలువురు ఏదో ఒకనాడు నా వైద్యశాల మెట్లు ఎక్కినవారే. మోకాలు పట్టుకొని వచ్చినవారు కొందరు. "పంతులుగారూ, ఈ వయసులో ఇది నాకు తగునా?" అని ముందుగానే అడిగి వెళ్ళినవారు మరికొందరు. ఈ రెండవ రకంవారు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

ఊరిలో చాలామంది దీనిని కరాటే అనే పిలుస్తారు. అది పొరపాటు. కరాటే జపాను విద్య. ఒకినావా దీవులలో పెరిగినది. తైక్వాండో కొరియాది. 'తే' అనగా పాదం, 'క్వాన్' అనగా పిడికిలి, 'దో' అనగా మార్గం. ఈ పేరు స్థిరపడినది 1955లో. సియోల్ నగరంలో కుక్కివాన్ అనే దాని ప్రధాన కేంద్రం 1972లో వెలసింది. మరుసటి సంవత్సరం అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1988 సియోల్ ఒలింపిక్సులో ప్రదర్శన క్రీడగా ప్రవేశించి, 2000 సిడ్నీ ఒలింపిక్సు నాటికి పతకాల క్రీడ అయినది. పేరు కొత్తదే గాని ఆ దేశంలో పోరువిద్యలకు పాత చరిత్ర ఉన్నది. 1790లోనే రాజాజ్ఞపై యుద్ధకళలను బొమ్మలతో సహా వివరించే గ్రంథం సిద్ధమైంది. వైద్యుడిగా నన్ను అంతకంటె ఆకర్షించిన కొరియా గ్రంథం వేరొకటి. హో జున్ అనే రాజవైద్యుడు 1610లో పూర్తిచేసిన 'తొంగుయి పొగామ్'. రోగం వచ్చిన తరువాతి చికిత్సకంటె, రాకుండా దేహాన్ని పోషించుకోవడానికి అందులో పెద్దపీట వేశారు. మన స్వస్థవృత్తం చెప్పేదీ అదే కదా! ఆ గ్రంథాన్ని 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు.

ఆ మాటకొస్తే మన ఉత్తరాంధ్రకు సాము కొత్తది కాదు. ఒకప్పుడు ఊరూరా తాలింఖానాలు ఉండేవి. కర్రసాము, గరిడీ నేర్పేవారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ శిక్షకుడై, సర్కసు స్థాపించి ఖ్యాతి గడించిన కోడి రామ్మూర్తినాయుడు గారి ముచ్చట్లు మా బాల్యంలో పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆ తాలింఖానాలు మూతపడినవి. వాటి స్థానంలో దూరదేశపు విద్య వచ్చి కూర్చున్నదని నొచ్చుకునే మిత్రులు నాకున్నారు. దేహానికి దేశభాషాభేదం లేదు. పొద్దున్నే లేచి చెమటోడ్చే మనిషిని చూసి సంతోషించడమే వైద్యునికి తగినది.

వయసు మించినదా?

నడివయసువారిని పీడించే మొదటి శంక ఇదే. బాలురకు, వృద్ధులకు, అజీర్ణంతో ఉన్నవారికి, వాతపిత్త రోగులకు వ్యాయామం తగదని మన శాస్త్రం చెప్పిన మాట నిజం. అయితే వృద్ధుడు ఎవరు? సుశ్రుతుడు డెబ్బై ఏళ్ళ వరకు మధ్యవయసుగానే లెక్కించాడు. అందులోనూ విభాగం చేశాడు. ఇరవై వరకు వృద్ధి, ముప్పై వరకు యౌవనం, నలభై వరకు ధాతువుల, ఇంద్రియాల సంపూర్ణత, ఆపైన కొద్దికొద్దిగా తరుగుదల. 'కొద్దికొద్దిగా' అన్నమాటను పాఠకులు గమనించాలి. నలభైఆరేళ్ళ మనిషి ముసలివాడు కాడు, ఇరవైఏళ్ళ వాడూ కాడు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి మరచినా చిక్కే. మొదటిది మరచినవాడు పడకకుర్చీకి అతుక్కుపోతాడు. రెండవది మరచినవాడు నా వద్దకు వస్తాడు.

కొత్తగా చేరిన పెద్దవారి మొదటి నెల ఎలా గడుస్తుందో వారి నోటనే విన్నాను. నాలుగైదు ఉదయాలు స్వయంగా వెళ్ళి చూశాను కూడా. పట్టీ రంగును బట్టి వరుస. తెలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, ఆపై నలుపు. తెల్లపట్టీ వారు చివర నిలబడాలి. బ్యాంకులో పదిమందిపై అధికారం చెలాయించే మనిషి తనకంటె ముందున్న ఎనిమిదేళ్ళ పసుపుపట్టీ పిల్లవాడి మడమలు చూస్తూ అడుగులు నేర్చుకోవాలి. 'చారియొత్' అంటే నిటారుగా నిలబడాలి. 'క్యుంగ్నే' అంటే వంగి నమస్కరించాలి. 'హానా, దుల్, సెత్, నెత్' అని కొరియా భాషలో అంకెలు బిగ్గరగా చెప్పాలి. మొదటివారం ఏడు వరకు వచ్చి తొమ్మిదికి దూకేవారట! మూడవరోజుకు తొడలు బిగుసుకుపోయి మరుగుదొడ్డిలో కూర్చుని లేవడమే గగనమవుతుంది. ఇంట్లో ఇల్లాలు ఎర్రమట్టి అంటిన తెల్లబట్టలు ఉతకలేక విసుక్కుంటుంది. ఎదురింటివారు డాబామీదనుంచి చూసి నవ్వుతారు.

వీటన్నిటిలో కష్టమైనది వంగి నమస్కరించడమే అని ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నాతో అన్నారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. మేము గురుకులంలో చేరినప్పుడు మొదటి ఆరునెలలు వాకిలి ఊడ్చాము, నీళ్ళు తోడాము, అర్థం తెలియకుండానే సూత్రస్థానం వల్లించాము. అర్థం తరువాత వచ్చింది. తైక్వాండోలో 'పూమ్సే' అనే అడుగుల వరుసలు అటువంటివే. తేగుక్ అనే పేరుతో ఎనిమిది వరుసలు ఉన్నవి. ఆకాశం, అగ్ని, జలం మొదలైన ఎనిమిది తత్త్వాలను వాటికి సంకేతంగా పెట్టుకున్నారు. ఎదుట శత్రువు లేకుండా, నెమ్మదిగా, ఒక్కొక్క అడుగు, ఒక్కొక్క అడ్డుచేయి, ఒక్కొక్క గుద్దు. పిల్లలకు ఇది విసుగు. నడివయసువారికి ఇదే అమృతం. తన్నులకోసం చేరిన పెద్దలు ఈ పూమ్సేను తేలికచేసి, తన్నుల వంతు కోసం తొందరపడడం నేను చూశాను. చిక్కు అక్కడ మొదలవుతుంది.

నిలిచిన కాలు

బెల్లం మండీలో గుమాస్తాగా పనిచేసే నలభైఆరేళ్ళ వ్యక్తి ఒకరు ఎడమ మోకాలు నొప్పితో వచ్చారు. కొడుకును తైక్వాండోలో చేర్పించడానికి తీసుకువెళ్ళి, పిల్లవాడితోపాటు తానూ చేరారు. రెండు నెలలకు కొడుకు మానేశాడు, తండ్రి మానలేదు. ఏడాదిలో ఐదు కిలోల బరువు తగ్గారు. పదేళ్ళుగా లేని నిద్ర వచ్చింది. పసుపుపట్టీ వచ్చింది. ఇక ఆకుపచ్చ పట్టీ పరీక్ష నెలరోజులలో ఉన్నదనగా మోకాలు వాచింది. ఇరవై రోజులుగా మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పిబిళ్ళలు వేసుకుంటూ అభ్యాసం సాగిస్తున్నారు.

"ఏటి పంతులుగారూ, కుడికాలితో తన్నితే ఎడమ మోకాలు పోవడమేటి?" అని ఆయన అడిగారు. మానేస్తే మళ్ళీ పాత బ్రతుకే, పద్దుపుస్తకాల ముందు కూలబడడమే అన్న దిగులు ఆ ముఖంలో స్పష్టంగా ఉన్నది.

ముందు ఎక్స్‌రే తీయించాను. ఎముకలో దోషం లేదు. నొప్పిబిళ్ళలు ఆపించాను. ఇటువంటి బిళ్ళలను వైద్యుని పర్యవేక్షణ లేకుండా వారాల తరబడి మ్రింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నొప్పి తెలియనందువల్ల గాయం మీద గాయం చేసుకుంటారు. మరునాటి ఉదయం అభ్యాసం చూడడానికి నేనే వెళ్ళాను.

'దొల్యొ చాగి' అనే తన్ను ఉన్నది. కాలిని ప్రక్కనుంచి అర్ధవృత్తంగా తిప్పి తన్నడం. తన్నే కాలు గాలిలో తిరుగుతున్నప్పుడు, నేలమీద నిలిచిన కాలు కూడా ముందరి పాదంపై తిరగాలి. చివరికి నిలిచిన కాలి మడమ ఎదుటివాని వైపు చూడాలి. పిల్లలు ఎవరూ చెప్పకుండానే బొంగరంలా తిరిగిపోతారు. మా గుమాస్తాగారి పాదం మాత్రం గరుకు సిమెంటు గచ్చుకు అతుక్కుపోయింది. పైన నడుము, తొడ తిరిగాయి. క్రింద పాదం కదలలేదు. ఆ మెలిక అంతా ఎక్కడ పడాలి? మధ్యనున్న మోకాలిలో. మోకాలు తలుపుబందులాంటిది, మడవడానికే గాని మెలితిప్పడానికి తగినది కాదు. తన్నిన కాలు కాదు, నిలిచిన కాలు చెడినది అందుకే. సుశ్రుతుడు శరీరంలోని 107 మర్మాలలో జానుమర్మాన్ని వైకల్యకరాల క్రింద చెప్పాడు. అక్కడ దెబ్బ తగిలితే ప్రాణం పోదు, కాలు కుంటువడుతుంది.

శిక్షకుడు పాతికేళ్ళు నిండని యువకుడు. "మడమ తిప్పండి సార్ అని రోజూ చెబుతూనే ఉన్నానండి. పెద్దవాళ్ళు తల ఎత్తు తన్నాలనే చూస్తారు" అన్నాడు. ఆ అబ్బాయి మాటలో వైద్యం ఉన్నది. కుర్చీలకు, మోటారుసైకిళ్ళకు అలవాటుపడిన తుంటికీలు తల ఎత్తుకు తెరుచుకోదు. తెరుచుకోనిదానిని బలవంతం చేస్తే నడుము వంకరపోతుంది, మోకాలు మెలిపడుతుంది. కడుపు ఎత్తున తన్నితే చాలును. ముందు మోకాలు పైకెత్తి, ఆ తరువాత కాలు విప్పి, మళ్ళీ మడిచి దించాలి.

మూడు వారాలు తన్నులు పూర్తిగా మాన్పించాము. పూమ్సే, నిలుచునే భంగిమలు మాత్రమే. రోజూ సాయంకాలం మోకాలికి, తుంటికి మహానారాయణ తైలం గోరువెచ్చగా మర్దించి, వావిలాకు ఉడికించిన నీటి ఆవిరి పట్టించాను. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి పది లెక్కించేవరకు నిలిపి దించడం, ఉదయం పదిహేనుసార్లు, సాయంకాలం పదిహేనుసార్లు. దీనివల్ల తొడ ముందుభాగపు కండ బలపడి మోకాలి చిప్పను పట్టి ఉంచుతుంది. తరువాత గోడ పట్టుకొని, కాలు ఎత్తకుండానే, నిలిచిన పాదాన్ని తిప్పడం ఒక్కటే నెలరోజులు చేశారు. ఆ పరీక్ష తప్పిపోయింది. ఐదు నెలల తరువాతి పరీక్షలో ఆయనకు ఆకుపచ్చ పట్టీ వచ్చింది. ఇప్పటికీ కడుపు ఎత్తుకే తన్నుతారు. తల ఎత్తు తన్నే పిల్లలను చూసినప్పుడు ఆయనకు కాలు దురద పుడుతుందని నాకు తెలుసు.

సగం బలం

వ్యాయామం ఎంత చేయాలి అన్న ప్రశ్నకు మన ఆచార్యులు ఇచ్చిన సమాధానం 'అర్ధశక్తి'. ఉన్న బలంలో సగం ఖర్చయ్యేవరకే చేయాలి. మితిమీరితే దప్పిక, క్షయం, ఆయాసం, రక్తపిత్తం, దగ్గు, జ్వరం, వాంతి కలుగుతాయని హెచ్చరించారు. బలముంది కదా అని ఏనుగును ఈడ్వబోయిన సింహం ఎలా నశిస్తుందో, అతివ్యాయామి అలా నశిస్తాడని ఉపమానం చెప్పారు. వ్యాయామశాలలో కుప్పకూలినవారి వార్తలు చదువుతున్న ఈ రోజులలో ఆ ఉపమానం అతిశయోక్తిగా తోచదు.

అర్ధశక్తికి గుర్తులు నుదుట, ముక్కుమీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం, శ్వాస ముక్కును విడిచి నోటికి రావడం. ఇక్కడ నా అనుభవం ఒకటి మనవి చేయాలి. మన కోస్తాలో మే నెల ఉదయం ఆరుగంటలకు ఊరక నిలబడినవానికీ నుదుట చెమట పడుతుంది. కాబట్టి చెమటను నమ్మవద్దు, శ్వాసను నమ్మండి. నా దగ్గరకు వచ్చే అభ్యాసకులకు సులభమైన పరీక్ష చెప్పాను. కొరియా అంకెలు ఎలాగూ నేర్చుకున్నారు. 'హానా' మొదలు 'యొల్' వరకు పది అంకెలను ఒకే ఊపిరిలో తడబడకుండా చెప్పగలిగితే ఇంకా చేయవచ్చును. ఐదవ అంకె దగ్గర ఊపిరి తెగిందంటే ఆగి నడవాలి. శిక్షకుడు 'షిజాక్' అన్నా సరే ఆగాలి. ఏ శిక్షకుడూ నలభైఐదేళ్ళ మనిషి గుండె లోపల ఏమి జరుగుతున్నదో చూడలేడు.

శీతకాలంలో, వసంతంలో అర్ధశక్తి వరకు, మిగిలిన ఋతువులలో అంతకంటె తక్కువగా చేయాలని నియమం. మన ప్రాంతానికి దీనిని కొంచెం సవరించుకోవాలి. మా ఊరిలో కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర జరిగే వేళకే ఎండ ముదురుతుంది. పంచాంగంలో వసంతమే గాని వైశాఖం వచ్చేసరికి మనకు గ్రీష్మమే. కనుక అప్పటినుంచి వానలు పడేవరకు పూమ్సే, సాగదీత మాత్రం చేసి, పోటీ అభ్యాసాన్ని శరత్తు తరువాతకు వాయిదా వేయడం ఉత్తమం.

నలభై దాటినవారు చేరేముందు రక్తపోటు, రక్తంలో చక్కెర చూపించుకోవాలి. అవసరమని వైద్యులంటే ఇ.సి.జి. తీయించుకోవాలి. గుండెపోటు వచ్చి ఉన్నవారు, అదుపులో లేని రక్తపోటు గలవారు, గిలక దిగినవారు, మధుమేహంవల్ల కంటి నరాలు చెడినవారు వైద్యుల అనుమతి లేనిదే ఈ విద్య జోలికి పోరాదు. అభ్యాసం మధ్యలో రొమ్ము బిగుసుకున్నా, ఎడమచేతికో దవడకో నొప్పి పాకినా, కళ్ళు తిరిగినా అది వాయువు అని సోడా త్రాగి ఇంటికి పోవద్దు. తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయుర్వేద వైద్యుడిని అయి ఉండీ ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మధుమేహులకు ఇంకొక జాగ్రత్త. ఇన్సులిను గాని, చక్కెరను బాగా దించే గ్లైమిపిరైడ్ వంటి బిళ్ళలు గాని వాడేవారు పరగడుపున గంటసేపు తన్నులు తన్నితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చును. చేతులు వణకడం, చల్లని చెమట, కళ్ళముందు చీకట్లు, కారణం లేని కోపం దాని గుర్తులు. అప్పుడు మూడు చెంచాల గ్లూకోజు గాని, పంచదార గాని నీళ్ళలో కలిపి త్రాగాలి. దుస్తులలో జేబు ఉండదు కాబట్టి సంచిలో సిద్ధంగా ఉంచుకొని, ప్రక్కవారికి చెప్పి ఉంచాలి. బెల్లం ఊరిలో ఉండి ఈ ఒక్కసారికైనా మధుమేహి బెల్లం తినవచ్చునా అని అడిగినవారున్నారు. అత్యవసరంలో బెల్లమూ పనికివస్తుంది, కాని గ్లూకోజు త్వరగా పనిచేస్తుంది.

గొంతు విప్పిన ఇల్లాలు

స్త్రీల విషయం వేరుగా చెప్పాలి. ముప్పైతొమ్మిదేళ్ళ ఒక గృహిణి కుమార్తెను తరగతికి దింపి, గంటసేపు గోడప్రక్కన కూర్చునేది. ఊరికే కూర్చోవడమెందుకని ఒకనాడు తానూ వరుసలో నిలబడింది. దెబ్బ వేసేటప్పుడు 'కిహాప్' అనే అరుపు అరవాలి. మూడు నెలలు ఆమె గొంతు లేవలేదట. "ఇంట్లో మామగారు వింటారేమోనని గట్టిగా దగ్గడం కూడా అలవాటు లేదండీ, ఇంక అరవడమెలా?" అన్నది. ఒకనాడు ఆ అరుపు వచ్చింది. వచ్చిన తరువాత ఇంటికి వెళ్ళి ఎందుకో చాలాసేపు ఏడ్చానని చెప్పింది. నేను కారణం అడగలేదు.

ఆ అరుపునకు వైద్యపరమైన ప్రయోజనమూ ఉన్నది. బలం ప్రయోగించే క్షణంలో ఊపిరి బిగపట్టడం కొత్తవారి అలవాటు. దానివల్ల రక్తపోటు హఠాత్తుగా పెరుగుతుంది. అరిస్తే ఊపిరి తప్పనిసరిగా బయటకు పోతుంది, పొట్టకండలు బిగిసి నడుముకు ఆసరా ఇస్తాయి. కనుక సిగ్గుపడి పెదవులు బిగించేవారికంటె నోరారా అరిచేవారికే మేలు.

ఆమె అసలు వచ్చిన పని వేరు. నాలుగుసార్లు వేరువేరు మాటలు చెప్పి, చివరికి నా భార్యతో చెప్పుకున్నది. ఎగిరినప్పుడు మూత్రం చుక్కలుగా జారుతున్నదట. అందుకోసం మానేద్దామనుకున్నదట. పాఠక సోదరీమణులారా, కాన్పులైన స్త్రీలలో ఇది చాలామందికి ఉన్నదే, సిగ్గుపడవలసినది కాదు. కటిప్రదేశపు అడుగుకండలు సడలడమే కారణం. మలమూత్రాలను ఆపుకునేటప్పుడు బిగించే కండలను లోనికి, పైకి బిగించి ఐదు లెక్కించి వదలడం, పదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలు చేయవలెను. యోగంలో మూలబంధం అభ్యసించినవారికి ఇది తెలిసినదే. మూడు నెలలు ఓపిక పట్టాలి. అంతవరకు ఎగురుళ్ళు మాని నేలమీది అడుగులే చేయాలి. ఆమె అలాగే చేసింది, మానలేదు. మూత్రంలో మంటగాని, రక్తంగాని ఉంటే మాత్రం పరీక్ష చేయించుకోవాలి. గర్భవతులు ఎదురుబొదురు పోరులో పాల్గొనరాదు.

ఎదురుబొదురు పోరులో నడుముపట్టీకి క్రిందుగా తన్నడం నిషేధం, ముఖంపై పిడికిలితో గుద్దడం నిషేధం. తలమీద తన్నడం మాత్రం అనుమతమే. శంఖమర్మాలు కణతలలో ఉన్నవి, అవి సద్యఃప్రాణహరాలు. శిరస్త్రాణం, రొమ్ము కవచం, పంటి కవచం లేకుండా నడివయసువారు పోరుకు దిగడాన్ని నేను అంగీకరించను. అవి ధరించినా తల తన్నులు లేని పద్ధతిని శిక్షకునితో ముందే మాట్లాడుకోవాలి. తలకు దెబ్బ తగిలి క్షణకాలం స్పృహ తప్పినా, తరువాత వాంతి అయినా, ఇంటి వైద్యం పనికిరాదు. ఇక పాఠశాల వార్షికోత్సవాలలో పెంకులు పగలగొట్టే ప్రదర్శనలు ఉంటాయే, వాటిని నలభై దాటిన చేతులు చప్పట్లు కొట్టడానికే పరిమితం చేసుకోవాలి.

ఇంటిలో చేసుకోదగిన ఉపచారాలు

అభ్యాసానికి ముప్పావుగంట ముందు రెండు నానబెట్టిన ఖర్జూరాలు గాని, చిన్న అరటిపండు గాని చాలును. నిండు కడుపుతో చేయరాదు. తరువాత పలుచని మజ్జిగలో సైంధవలవణం, దంచిన అల్లం కలిపి త్రాగవలెను. మన ఇళ్ళలో పూర్వం వాడుకలో ఉన్న తరవాణి కూడా మంచిదే. కండపుష్టికి పొడిడబ్బాలు కొననక్కరలేదు. మినప సున్నుండ ఒకటి, లేదా గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు బెల్లంతో తినవచ్చును. మధుమేహులు బెల్లం విడిచి ఉడికించిన శనగలు తినాలి. వారానికి రెండుసార్లు ఉలవచారు.

కండల బిగువుకు నువ్వులనూనె 100 మి.లీ. లో ఒక చెంచా వాము, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి సన్నని మంటపై ఎర్రబడేవరకు కాచి, దించి, వడగట్టి, గోరువెచ్చగా ఉండగా 5 గ్రాముల ముద్దకర్పూరం కలిపి సీసాలో పోసుకోవలెను. పొయ్యిమీద ఉండగా కర్పూరం వేయరాదు, అంటుకుంటుంది. చిన్నపిల్లలకు, మూర్ఛరోగులకు ఇది వాడరాదు. రాత్రి పడుకునేముందు గాని, ఆదివారం తలంటుకు ముందు గాని మర్దించుకొని సున్నిపిండితో రుద్దుకోవాలి. ఉదయం అభ్యాసానికి ముందు అరికాళ్ళకు నూనె పూసుకొని వెళ్ళి గచ్చుమీద జారిపడినవారు ఇద్దరు ఉన్నారు.

చీలమండ బెణికితే మన ఇళ్ళలో వెంటనే నూనెపెట్టి 'నీరు తీయడం' ఆచారం. అది కూడదు. మొదటి రెండురోజులు మర్దన వద్దు, కాపడం వద్దు. చల్లని తడిగుడ్డ వేసి, వెడల్పైన పట్టీ కట్టి, కాలు దిండుమీద ఎత్తుగా ఉంచాలి. ఆ కాలిమీద నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు. ఎముక విరగలేదని తేలిన తరువాత మూడవనాటి నుంచి చింతపండు గుజ్జు, పసుపు, ఉప్పు కలిపి వెచ్చచేసి పట్టు వేయవచ్చును. వావిలాకు మూటతో కాపడం పెట్టవచ్చును. చర్మం చిట్లి ఉంటే పట్టు వేయరాదు.

వట్టికాళ్ళతో అభ్యసించేవారికి మడమలు పగలడం, కాయలు కాయడం సహజం. 10 గ్రాముల శుద్ధమైన తేనెమైనాన్ని 60 మి.లీ. నువ్వులనూనెలో సన్నని సెగపై కరిగించి, చల్లారేవరకు కలియబెట్టి డబ్బాలో తీసుకోవలెను. రాత్రి గోరువెచ్చని నీటిలో పాదాలు పావుగంట నాననిచ్చి, తుడుచుకొని, ఈ లేపనం పట్టించి పాత నూలు మేజోళ్ళు తొడుక్కోవాలి. మధుమేహులు నీటి వేడిని మోచేతితో చూసుకోవాలి, కాయలను బ్లేడుతో కోయరాదు, ప్రతిరాత్రి అరికాళ్ళను అద్దంలో చూసుకోవాలి. ఉదయం మేజోళ్ళు విప్పి, పాదాలను సున్నిపిండితో శుభ్రంగా కడిగి జిడ్డు పోయిన తరువాతే తరగతికి వెళ్ళవలెను.